కచ్చా ఇల్లు, పక్కా ఇల్లు

హిందీ మాట్లాడే ప్రాంతాలలో ఇండ్లను రెండు జాతులుగా విభజించి చెప్పడం చాలకాలంగా వాడుకలో ఉన్నది. ఒకటి కచ్చా ఇల్లు, రెండవది పక్కా ఇల్లు. ఈ మాటలు రెవిన్యూ కచేరీల ద్వారా, జనాభా లెక్కల ద్వారా, ప్రభుత్వ పథకాల ద్వారా దేశమంతటా వ్యాపించి తెలుగులో కూడా స్థిరపడినవి. పక్కా రోడ్డు, పక్కా రసీదు, పక్కా ఇల్లు అంటే అర్థం కాని తెలుగువాడు నేడు ఉండడు. పక్కా అంటే గట్టిది, నమ్మదగినది. కచ్చా అంటే నిలకడ లేనిది, నేడో రేపో పోయేది అని లోకం అనుకొంటున్నది. ఆ మాటల పుట్టుకను విచారిస్తే సంగతి కొంత వేరుగా కనిపిస్తుంది. సంస్కృతంలోని ‘పక్వ’ శబ్దమే ప్రాకృతం మీదుగా ‘పక్కా’ అయినది. పక్వమంటే వండినది, నిప్పు తగిలినది. కచ్చా అంటే పచ్చిది, నిప్పు తగలనిది. ఎండలో ఆరబెట్టిన ఇటుకను పచ్చి ఇటుక అనీ, బట్టీలో వేసిన దానిని కాల్చిన ఇటుక అనీ తెలుగు దేశపు తాపీ మేస్త్రీలు పిలిచేదీ ఈ భేదాన్ని బట్టే.

అంటే ఇంటికి ఈ పేర్లు పెట్టినవారు చూసినది, ఆ ఇంటిని కట్టడానికి నిప్పు ఖర్చయినదా లేదా అన్న ఒక్క విషయమే. ఇటుక, పెంకు, సున్నం, ఇనుము, సిమెంటు, గాజు అన్నీ అగ్నిలోనుంచి పుట్టినవే. మట్టి, రాయి, వెదురు, రెల్లు, తాటాకు అగ్నిని ఎరుగనివి. కట్టెకు, బొగ్గుకు కరవు లేనంతకాలం ఈ లెక్కను ఎవరూ పట్టించుకోలేదు. ఎక్కువ నిప్పు తిన్న ఇల్లు ఎక్కువ గౌరవాన్ని పొందినది. నిప్పు తినని ఇల్లు దారిద్ర్యానికి గుర్తుగా మిగిలినది. ఇంధనం ఎంత కాలుతున్నదో, ఆ పొగ ఎక్కడికి పోతున్నదో లెక్క చూసుకోక తప్పని కాలం ఇప్పుడు వచ్చినది. కనుక ఈ దేశపు గృహనిర్మాణ చరిత్రను నిప్పు వైపునుంచి మరల ఒకసారి చదవవలసి ఉన్నది.

ఆ చరిత్ర సింధు నాగరికతతో మొదలుపెట్టడం ఉచితం. క్రీస్తుకు పూర్వం 2500 ప్రాంతంలో వెలసిన మొహెంజొదారో నగరం కాల్చిన ఇటుకలకు ప్రసిద్ధి. ఎత్తు ఒక వంతు, వెడల్పు రెండు వంతులు, పొడవు నాలుగు వంతులుగా ఉండే ఆ ఇటుకల కొలత నేటి ఇంజనీర్లను కూడా ఆశ్చర్యపరుస్తుంది. కాని అదే నాగరికతకు చెందిన రాజస్థానంలోని కాలీబంగన్ చూస్తే మరొక పాఠం లభిస్తుంది. అక్కడి ఇండ్లు పచ్చి ఇటుకలతో కట్టినవి. బావులకు, మురుగు కాలువలకు, స్నానం చేసే తావులకు మాత్రమే కాల్చిన ఇటుక వాడినారు. నీరు నిత్యం తాకే చోట మట్టి కరిగిపోతుంది కనుక అక్కడ నిప్పు అవసరమైనది. ఎండ మాత్రమే తాకే గోడకు ఆ అవసరం లేదు. ఎక్కడ కాల్చాలి, ఎక్కడ కాల్చనక్కరలేదు అన్న వివేకం నాలుగున్నర వేల ఏండ్ల క్రిందటి సామాన్య గృహస్థునికి ఉండినదన్నమాట. ఈ వ్యాసంలో ముందు చెప్పబోయేదంతా ఒక విధంగా ఆ వివేకం ఎట్లా నిలిచినది, ఎట్లా మరుగున పడినది, ఎట్లా తిరిగి వెదకబడుతున్నది అన్న కథే.

సింధు నగరాలలోని ఇండ్లకు నడుమ ఒక ముంగిలి ఉండేది. గదులు దాని చుట్టూ అమరి ఉండేవి. ఈ అమరిక ఆ నగరాలతో అంతరించలేదు. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గృహలక్షణాలను వివరిస్తూ నాలుగు ప్రక్కల శాలలు గల చతుశ్శాలను పేర్కొన్నాడు. కేరళలోని నాలుకెట్టు, కృష్ణా గోదావరి మండలాలలోని మండువా లోగిలి, అహమ్మదాబాదు పోళ్ళలోని ముంగిలి ఇండ్లు ఈ కుటుంబానికి చెందినవే. రాత్రి వేళ ఆకాశం క్రింద చల్లబడిన గాలి బరువెక్కి ముంగిలిలోకి దిగి గదులలో నిలుస్తుంది. పగలు సూర్యుడు నడినెత్తికి వచ్చేవరకు ఆ చల్లదనం చెదరదు. వేడెక్కిన గాలి ఆ తెరపినుంచే పైకి పోతుంది. మండువాలో నాలుగు చూరుల వాన నీరు లోపలికే పడుతుంది. అహమ్మదాబాదు ఇండ్లలో ముంగిలి క్రింద టాంకా అనే తొట్టి కట్టి ఆ వాన నీటిని ఏడాది పొడుగునా త్రాగడానికి నిలువ చేసుకొన్నారు. వెలుతురు, గాలి, నీరు మూడింటికీ ఇంటి నడుమనున్న ఒక్క ఖాళీ జాగా ఆధారమైనది.

ముంగిలి ఉండే తాహతు లేని ఇంటికి గోడే రక్ష. మట్టి గోడ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఒకటిన్నర అడుగుల మందం గల గోడ వెలుపలి ముఖాన మధ్యాహ్నం తగిలిన వేడి లోపలి ముఖానికి చేరడానికి దాదాపు పది పన్నెండు గంటలు పడుతుంది. అది చేరేవేళకు బయట రాత్రి చల్లబడి ఉంటుంది. తలుపులు తెరిస్తే ఆ వేడి బయటికి పోతుంది. తెల్లవారేసరికి గోడ తిరిగి చల్లబడి మరునాటి ఎండకు సిద్ధమవుతుంది. పగలు మండిపోయి రాత్రి చల్లబడే మెట్ట ప్రాంతాలకు ఇంతకంటె అనువైన సాధనం లేదు. రాయలసీమలో, తెలంగాణాలో వెలసిన మట్టి మిద్దె ఈ సూత్రాన్ని పైకప్పుకు కూడా వర్తింపజేసినది. దూలాల మీద దంతెలు పరచి, వాటిమీద ఆకూ అలమూ వేసి, ఆపైన మందంగా మన్ను పోసి, అన్నిటికంటె మీద చవుడు పరుస్తారు. చవుడులో ఉన్న ఉప్పు వల్ల వాన నీరు తగలగానే బంకమన్ను రేణువులు విడిపోయి సందులను మూసివేస్తాయి. ఆ పొరను దాటి నీరు క్రిందికి దిగదు. పంటకు పనికిరాని నేలను ఇంటి కప్పుకు పనికివచ్చేటట్లు చేసిన ఈ ఉపాయాన్ని ఏ గ్రంథం చూసీ ఎవరూ నేర్వలేదు. ఏటేటా తొలకరికి ముందు మిద్దెకు చవుడు వేయడం ఆ పల్లెలలో పైరు పనులతో సమానమైన పని.

సముద్రతీరాన, గాలిలో తేమ అధికంగా ఉండే చోట, రాత్రి కూడా చల్లబడదు. అక్కడ బరువైన గోడకంటె గాలి ముఖ్యం. సింధు దేశంలో కూడా హైదరాబాదు అనే నగరం ఒకటి ఉన్నది. అక్కడి ఇండ్ల కప్పుల మీద అరేబియా సముద్రపు నైరుతి గాలికి ఎదురుగా నోరు తెరచుకొని నిలిచే గాలి గూళ్ళు ఒకప్పుడు వందలకొద్దీ ఉండేవి. పై గాలిని పట్టి అంతస్తు వెంట అంతస్తుకు దించడం వాటి పని. ఎడారి నడుమనున్న జైసల్మేరులో వీధులను ఇరుకుగా వేసి ఒక ఇంటి నీడను ఎదురింటి మీద పడేటట్లు చేసినారు. రాతి జాలీలగుండా వచ్చే గాలి సన్నని సందులలో వేగం పుంజుకొంటుంది. ఉత్తరాదిన ఖస్ అనీ తెలుగున వట్టివేళ్ళు అనీ పిలిచే గడ్డివేళ్ళ తడికలను గుమ్మాలకు కట్టి తడిపితే, వడగాలి సువాసనతో కూడిన చల్లగాలిగా మారి లోపలికి వచ్చేది. కొండ, ఎడారి, తీరం, మెట్ట ఏ చోటికి ఆ చోట ఇంటి స్వరూపం మారినది. దాని వెనుకనున్న ప్రశ్న మాత్రం ఒక్కటే: ఈ నేల మీద, ఈ ఎండలో, అందుబాటులో ఉన్న వస్తువులతో ఎట్లా సుఖంగా బ్రతకాలి?

ఇంతవరకు చెప్పినది విని గత కాలాన్ని స్వర్గంగా భావించడం న్యాయం కాదు. మండువా లోగిలి అందరికీ ఉండేది కాదు. ఊరి వెలుపల ఉండవలసి వచ్చిన వారికి దక్కినది పలుచని తడిక గోడ, తాటాకు కప్పు. వేసవిలో ఒక పొయ్యి నిప్పురవ్వ ఎగిరితే వాడ వాడంతా తగులబడిపోయేది. రెండడుగుల మట్టి గోడ పెట్టించగలవాడు చల్లగా నిద్రపోతే, ఆ గోడకు మన్ను మోసినవాడు వానకు తడిసేవాడు. పైగా మట్టి ఇల్లు నిత్యం సేవ కోరుతుంది. అలకడం, పూయడం, చెదలు దులపడం, వర్షాకాలానికి ముందు చూరు కప్పించడం అనే చాకిరిలో అధిక భాగం స్త్రీలదే. పండుగకు ఇల్లు అలికే దృశ్యం చూసేవారికి ముచ్చటగా ఉండవచ్చును. పేడనీళ్ళలో నడుము వంచినవారికి దాని బరువు తెలుసు. కనుక కాల్చిన ఇటుక ఇల్లు కావాలని పేదవాడు కోరినాడంటే అది మోజు కాదు. చాకిరి నుంచి విముక్తి, ఊరిలో మర్యాద ఆ కోరికలో కలిసి ఉన్నవి. ఈ సత్యాన్ని మరచిన పర్యావరణ బోధ ఏదీ పల్లెలలో చెవికెక్కదు.

ఇంగ్లీషువారు వచ్చిన తొలి రోజులలో ఈ దేశపు గృహ విజ్ఞానాన్ని కొంత గ్రహించినారు. బంగళా అనే మాట బెంగాలు పల్లెటి ఇంటి నుంచి పుట్టినది. చుట్టూ వసారా, ఎత్తైన కప్పు, లోతైన చూరు అక్కడివే. కాని 1850 దశకంలో ప్రభుత్వ మరామత్తు శాఖ ఏర్పడిన తరువాత ఒక కొత్త పద్ధతి ప్రవేశించినది. ఒకే నమూనా, ఒకే కొలతల పట్టిక, ఒకే ధరల జాబితా అన్ని జిల్లాలకు వర్తించసాగినవి. జాబితాలో ఉన్న వస్తువుకే ధర ఉన్నది. ధర ఉన్నదానికే మంజూరు ఉన్నది. ఊరి చెరువులో మన్నుకు, ఊరి మేస్త్రి చేతి నేర్పుకు ఆ జాబితాలో చోటు లేదు. దొర గదిలో వేడిని పోగొట్టవలసిన భారం గోడనుంచి పంఖా లాగే మనిషి చేతికి మారినది. రాత్రంతా త్రాడు లాగిన ఆ కూలివాడిని, నేడు శీతలయంత్రం వెనుక కాలే బొగ్గుకు పూర్వరూపంగా భావించవచ్చును.

1824లో ఇంగ్లండులో పేటెంటు పొందిన పోర్టులాండు సిమెంటు 1914లో పోరుబందరు కర్మాగారంలో పెద్ద ఎత్తున తయారు కాసాగినది. సున్నపురాయిని, మట్టిని కలిపి సుమారు 1,450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చితే గాని సిమెంటు గుండ రాదు. ఇందులో రెండు విధాల పొగ ఉన్నది. కొలిమిలో బొగ్గు కాలినందువల్ల వచ్చేది ఒకటి. సున్నపురాయి తనలో దాచుకొన్న బొగ్గుపులుసు వాయువును విడిచిపెట్టినందువల్ల వచ్చేది మరొకటి. ఇంధనం మార్చినా రెండవది పోదు. ప్రపంచంలో మానవ వ్యాపారాల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు నూటికి ఏడెనిమిది వంతులు సిమెంటు నుంచి వస్తున్నవని నేటి లెక్కలు చెబుతున్నవి. 1914లో ఈ సంగతి ఎవరికీ చింత కలిగించలేదు. రాయిలాగా గట్టిపడి, ఏ రూపంలో పోస్తే ఆ రూపం పొందే ఆ గుండ నవయుగానికి సంకేతమైనది.

సిమెంటు పరిశ్రమ వేళ్ళూనుకొన్న ఆ పోరుబందరే గాంధీజీ జన్మస్థలం కావడం చరిత్రలోని చమత్కారం. 1936లో ఆయన వార్ధా సమీపాన సేగాఁవ్ గ్రామానికి వెళ్ళి స్థిరపడినాడు. తరువాత దానికే సేవాగ్రామ్ అని పేరు వచ్చినది. అక్కడ ఆయన నివసించిన బాపూ కుటీరం మట్టి గోడలతో, వెదురుతో, పెంకులతో, ఆ చుట్టుప్రక్కల పనివారు కట్టినది. ఆదర్శ గ్రామంలోని ఇండ్లు అయిదు మైళ్ళ వ్యాసార్ధంలో దొరికే వస్తువులతోనే నిర్మింపబడాలని 1937లో హరిజన్ పత్రికలో ఆయన వ్రాసినాడు. ఆ వాక్యాన్ని అప్పటివారు నిరాడంబరతకు సంబంధించిన నీతిగా గ్రహించినారు. నేడు చూస్తే అందులో ఒక అర్థశాస్త్రం ఉన్నది: అయిదు మైళ్ళ దూరం నుంచి వచ్చిన వస్తువు రవాణాకు ఇంధనం అక్కరలేదు; దానికి పెట్టిన డబ్బు ఊరి కూలివాని చేతిలోనే ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చిన సమయంలో దేశవిభజన లక్షలాది కుటుంబాలను నిలువ నీడ లేకుండా చేసినది. అప్పటి పంజాబులోని కర్నాలు వద్ద కాందిశీకుల కోసం మట్టిలో స్వల్పంగా సిమెంటు కలిపి, చట్రాలలో పోసి, దిమ్మిసలతో గట్టిపరచి వేలకొద్దీ ఇండ్ల గోడలు లేపినారు. ఇటుకలు కాల్చి కట్టే వ్యవధి లేని ఆపత్సమయంలో మట్టి అక్కరకు వచ్చినది. 1947లో రూర్కీలో కేంద్ర గృహనిర్మాణ పరిశోధన సంస్థ వెలసినది. 1954లో ఢిల్లీలో అల్ప వ్యయ గృహాల అంతర్జాతీయ ప్రదర్శన జరిగినది. సికిందరాబాదులో పుట్టి విశ్వవిఖ్యాతి గడించిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా 1960 దశకం మొదట్లో అహమ్మదాబాదులో కట్టిన ‘గొట్టపుటిల్లు’ ఏటవాలు కప్పుల నడుమ నుంచి వేడిగాలి తనంతట తానే పైకి పోయే విధంగా ఏర్పడినది. అయితే ఇవన్నీ పాయలు మాత్రమే. ప్రధాన ప్రవాహం ఆనకట్టల వైపు, ఉక్కు వైపు, కాంక్రీటు వైపు సాగినది. ఆనకట్టకు తగిన వస్తువే ఇంటికీ తగినదని దేశం భావించినది.

ఈ ప్రవాహానికి ఎదురీదినవారిలో అగ్రగణ్యుడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో జన్మించిన ఈయన వాస్తువిద్య నేర్చి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో చైనాలో రోగుల సేవ చేసి, తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగవలసి వచ్చినప్పుడు గాంధీజీని చూసినాడు. అయిదు మైళ్ళ మాట ఆయన మనసులో నాటుకొన్నది. 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రులు కట్టే పని మీద భారతదేశానికి తిరిగి వచ్చినాడు. కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్ జేకబును 1948లో వివాహమాడి, హిమాలయాలలోని పిథోరాగఢ్‌లో పదిహేనేండ్లకు పైగా ఉన్నాడు. అక్కడి కొండవాసులు రాయిని, మట్టిని, దేవదారు కట్టెను ఎట్లా ఉపయోగిస్తున్నారో చూసినప్పుడు, తాను పరదేశంలో నేర్చిన విద్య అక్కడ నిష్ప్రయోజనమని ఆయనకు తోచినది. శిష్యుడై వారివద్ద నేర్చుకొన్నాడు. 1963లో కేరళకు వచ్చి, తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో మరణించేవరకు అక్కడే ఇండ్లు కట్టినాడు.

బేకర్ చేసిన పని మట్టికి తిరిగి పోవడం మాత్రమే కాదు. కాల్చిన వస్తువును వాడక తప్పనప్పుడు దాన్ని ఎంత తక్కువగా వాడవచ్చునో చూపడం ఆయన ప్రత్యేకత. ఇటుకను వెడల్పు మీద కాక అంచు మీద నిలిపి, గోడ నడుమ ఖాళీలు వచ్చేటట్లు పేర్చే ఒక కట్టుబడి ఉన్నది. చూడడానికి ఎలుకబోనులాగా ఉంటుంది కనుక ఆ పేరే దానికి వచ్చినది. దానివల్ల ఇటుకలలో, గచ్చులో సుమారు నాలుగో వంతు మిగులుతుంది. నడుమ నిలిచిన గాలి వేడిని అడ్డుకొంటుంది. అదే విధంగా కాంక్రీటు స్లాబులో క్రింది సగభాగపు కాంక్రీటు బరువు మోయడంలో పెద్దగా తోడ్పడదు. అక్కడ పనిచేసేది ఇనుప కడ్డీ. ఆ భాగంలో కాంక్రీటుకు బదులు పాత పెంకులను పొదిగితే సిమెంటు, ఇనుము రెండూ తగ్గుతాయి. కప్పు చల్లగా కూడా ఉంటుంది. కిటికీకి కట్టె, గాజు, ఇనుము కావాలి. ఇటుకల నడుమ సందులు వదలి కట్టిన జాలీకి ఏదీ అక్కరలేదు. గిలాబా లేని గోడ కట్టిన నాడే పూర్తి అయినట్లు. 1970 దశకం మొదట్లో తిరువనంతపురంలో ఆయన నిర్మించిన అభివృద్ధి అధ్యయన కేంద్రం కొండ వాలును చెక్కకుండా, చెట్లను నరకకుండా, జాలీ గోడలతో చల్లగా నిలిచి, విశ్వవిద్యాలయాలకు తగిన కట్టడం కూడా పొదుపుగా లేవగలదని నిరూపించినది. ఆయన మార్గాన్ని సామాన్యులకు అందించడానికి 1985లో కోస్ట్‌ఫోర్డు అనే సంస్థ ఏర్పడినది. దాని స్థాపకులలో మాజీ ముఖ్యమంత్రి అచ్యుత మేనన్, ఆర్థికవేత్త కె. ఎన్. రాజ్ ఉన్నారు.

బేకర్ కంటితో, చేతితో గ్రహించిన దానిని లెక్కకట్టి చూపిన ఖ్యాతి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందుతుంది. విద్యుద్రసాయన శాస్త్రజ్ఞుడైన అమూల్య రెడ్డి చొరవతో 1974లో అక్కడ ‘ఆస్ట్రా’ అనే గ్రామీణ విజ్ఞాన విభాగం నెలకొన్నది. గొప్ప శాస్త్రజ్ఞులు పల్లెలో పొయ్యిని, గోబర్ వాయువును, గోడను పరిశోధనాంశాలుగా స్వీకరించడం ఆనాడు విడ్డూరంగా కనిపించినది. కె. ఎస్. జగదీశ్, ఆయన సహచరులు చేతితో నడిచే యంత్రంలో మట్టిని నొక్కి, స్వల్పంగా సిమెంటు కలిపి, కాల్చనక్కరలేని దిమ్మెలను తయారుచేసినారు. 2003లో వెంకటరామరెడ్డి, జగదీశ్ ప్రకటించిన లెక్కల ప్రకారం ఇటువంటి దిమ్మెలతో కట్టిన గోడకు కాల్చిన ఇటుక గోడకు అయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతే ఖర్చవుతుంది. తగిన వస్తువులను ఎంచుకొంటే మొత్తం ఇంటికి పట్టే శక్తిని సగానికి తగ్గించవచ్చును. గృహ చరిత్రలో ఇది ఒక మలుపు. ఇల్లు కాలిన ఇంధనాన్ని తనలో దాచుకొని ఉంటుందనీ, దానిని కొలవవచ్చుననీ తేలిన తరువాత కచ్చా, పక్కా అనే పాత తరగతులు అంతకు ముందులాగా నిలువలేవు. పుదుచ్చేరి సమీపాన ఆరోవిల్లులో 1989లో నెలకొన్న మృత్తికా నిర్మాణ సంస్థ ఈ దిమ్మెలతో కమానులు, గుమ్మటాలు లేపి అనేక దేశాల వారికి శిక్షణ ఇచ్చినది. హైదరాబాదులో రాజేంద్రనగరు వద్ద జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో కూడా ఇట్టి ఇండ్ల నమూనాలు చూడవచ్చును.

మట్టి ఇంటి మీద ఉన్న సందేహాలలో పెద్దది ప్రాణభయం. కాని ప్రకృతి వైపరీత్యాలు చెప్పిన సాక్ష్యం మిశ్రమంగా ఉన్నది. 2001 జనవరి 26న కచ్ఛ్‌లో భూకంపం వచ్చినప్పుడు వేలాది రాతి ఇండ్లు, కొత్త కాంక్రీటు కట్టడాలు కూలినవి. బన్నీ ప్రాంతంలో భుంగా అనే గుండ్రని మట్టి ఇండ్లు చాలవరకు నిలిచినవి. గుండ్రని గోడకు మూలలు లేవు కనుక అదురును అది సమంగా పంచుకొంటుంది. తుఫానులకు ఆటపట్టయిన ఆంధ్ర తీరంలో పూర్వులు చుట్టిల్లు కట్టుకోవడంలోనూ ఈ గుణమే ఉన్నది. గాలికి ఎదురు నిలిచే చదునైన గోడ దానికి లేదు. పాకిస్తానులో ప్రసిద్ధ వాస్తుశిల్పి యాస్మీన్ లారీ 2005 భూకంపం తరువాత, 2010 వరదల తరువాత వెదురు, మట్టి, సున్నం కలిపి పల్లెలలో నిరాశ్రయుల చేతనే ఇండ్లు కట్టించినది. 2023లో బ్రిటిషు వాస్తుశిల్పుల సంస్థ స్వర్ణపతకం ఆమెకు లభించినది. బంగ్లాదేశంలో దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూరులో మట్టితో, వెదురుతో కట్టిన పాఠశాలకు 2007లో ఆగాఖాన్ పురస్కారం వచ్చినది. ఉపఖండాన్ని సరిహద్దులు మూడుగా చీల్చినా, మట్టి గోడ వద్ద మూడు దేశాలూ ఒకే బడిలో చదువుకొంటున్నవి.

ఈ విజ్ఞానం ఇంత పెరిగినా ప్రభుత్వపు పట్టికలు మాత్రం పాత కొలతనే వాడుతున్నవి. జనాభా లెక్కలలో మట్టి గోడ, పచ్చి ఇటుక తాత్కాలిక వస్తువుల క్రిందికి వస్తాయి. కాల్చిన ఇటుక, కాంక్రీటుతో పాటు ఇనుప రేకు, సిమెంటు రేకు శాశ్వత వస్తువులు. నూరేండ్లు నిలిచిన మట్టి మిద్దె లెక్కలో తాత్కాలికం. ఒక్క గాలివానకు ఎగిరిపోయే రేకు కప్పు శాశ్వతం! 1985లో వచ్చిన ఇందిరా ఆవాస్ యోజన, 2016లో దాని స్థానాన వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన కోట్లాది కుటుంబాలకు పక్కా ఇల్లు ఇవ్వడాన్ని లక్ష్యంగా పెట్టుకొన్నవి. ఆ ఇండ్ల వల్ల పేదలకు కలిగిన భద్రతను, గౌరవాన్ని తక్కువ చేయరాదు. కాని నాలుగైదు అంగుళాల స్లాబు మధ్యాహ్నపు ఎండను కొద్ది గంటలలోనే లోపలికి దించుతుంది. సాయంకాలం ఆ కప్పే కుంపటి అవుతుంది. పగలంతా పొలంలో కాలివచ్చిన మనిషి రాత్రి డాబా క్రింద మరల కాలుతాడు. ఇంట్లోనే వంట చేసి, ఇంట్లోనే బిడ్డను పడుకోబెట్టే ఇల్లాలికి ఆ పాటి విరామం కూడా లేదు. ఈ లోపాన్ని ప్రభుత్వమే గుర్తించిన జాడలు కూడా ఉన్నవి. గ్రామీణ గృహాల కోసం ప్రాంతానికొక విధంగా స్థానిక నమూనాలను కూర్చి ‘పహల్’ అనే సంకలనం వెలువడినది. ప్రకృతి, హునర్, లోకవిద్య అనే మూడు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. హునర్ అంటే చేతి నేర్పు. పూర్వపు ధరల జాబితాలో చోటు దొరకనిది అదే.

నగరాలలో సమస్య మరొక రూపం తాల్చినది. కప్పు వేడెక్కితే శీతలయంత్రం, యంత్రానికి విద్యుత్తు, విద్యుత్తుకు బొగ్గు. లోపలి వేడిని యంత్రం వీధిలోకి విసురుతుంది, వీధి మరింత వేడెక్కుతుంది. 2019లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన శీతలీకరణ ప్రణాళిక, 2017-18తో పోలిస్తే 2037-38 నాటికి చల్లదనం కోసం గిరాకీ సుమారు ఎనిమిది రెట్లు కాగలదని అంచనా వేసినది. 2018లో నివాస గృహాల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ వెలువడినది. గోడలగుండా, కిటికీలగుండా ఎంత వేడి లోపలికి రావచ్చునో దానిలో పరిమితి విధించినారు. బృహత్సంహిత తరువాత ఇన్ని శతాబ్దాలకు ఇల్లు మరల ఒక సంహితకు ఎక్కినది. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన హరిత వాణిజ్య కేంద్రపు కట్టడం ప్లాటినం శ్రేణి గుర్తింపు పొందిన వాటిలో అమెరికాకు వెలుపల మొదటిదిగా పేరు గాంచినది. దాని విశేషాలు ఏవని చూస్తే నడుమ ముంగిలి, జాలీ గోడలు, గాలి గోపురాలు, కప్పు మీద పచ్చిక! సింధు హైదరాబాదు గాలి గూళ్ళు దక్కను హైదరాబాదుకు చేరుకొన్నవి. అదే నగరం నుంచి 2023లో తెలంగాణా ప్రభుత్వం చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించినది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూతను కప్పుకు వేయడం దానిలోని ముఖ్యాంశం. వేసవికి ముందు డాబాకు సున్నం కొట్టించే ఇల్లాండ్రకు ఈ విద్య ఎన్నడూ కొత్త కాదు.

ఇంతమాత్రాన అందరూ మట్టి ఇండ్లకు మరలిపోవాలన్న సిద్ధాంతం నిలువదు. పది అంతస్తుల నగరానికి మట్టి గోడ చాలదు. వరద ముంచే పల్లానికి పచ్చి ఇటుక తగదు. మన్ను మంచిదో కాదో పరీక్షించకుండా నొక్కిన దిమ్మె రెండు వర్షాలకు కరగి, మట్టికే చెడ్డపేరు తెస్తుంది. పునాది రాతితో లేపి, చూరు వెలుపలికి చాచి, గోడకు పాదరక్ష, గొడుగు రెండూ సమకూర్చిన చోట మట్టి తరతరాలు నిలుస్తుంది. కాలీబంగన్ గృహస్థుని వివేకం ఇక్కడ తిరిగి జ్ఞాపకం వస్తుంది. నీరు తాకే చోట కాల్చిన ఇటుక, తాకని చోట పచ్చి ఇటుక. సిమెంటును నిషేధించడం కాదు, దానిని ఉప్పువలె వాడడం అవసరం. ఉప్పు లేనిదే కూర రుచించదు. ఉప్పుతోనే కూర వండరు.

ఈ దేశంలో ఇంకా కట్టవలసిన ఇండ్లు కోట్ల సంఖ్యలో ఉన్నవి. అవి ఏ విధంగా కట్టబడుతవో దానిని బట్టి రాబోయే తరాల వేసవులు నిర్ణయం కాగలవు. ఆ పనికి ప్రయోగశాలలో లెక్కలు ఉన్నవి, ప్రభుత్వం వద్ద ధనం ఉన్నది. తరిగిపోతున్నది మూడవది: మన్నును చేతిలోకి తీసుకొని, నలిపి, వాసన చూసి, ఇది గోడకు పనికివస్తుంది, ఇది రాదు అని చెప్పగల మేస్త్రి. ఆ చేతి నేర్పు పుస్తకాలకు ఎక్కలేదు. తండ్రినుంచి కొడుకుకు దిగినది. మట్టి పని హీనమన్న భావం ఇంకొక తరం నిలిచినట్లయితే కొడుకు పట్నంలో సిమెంటు కూలికి పోతాడు. తండ్రి విద్య తండ్రితోనే పోతుంది. కనుక మార్చవలసిన వస్తువులలో మొదటిది గోడ కాదు, మాట. నిప్పు తిన్న ఇంటినే పక్కా అని పిలిచినంతకాలం కట్టేవాడు నిప్పునే వెదుకుతాడు. ఎండకు చల్లగా, వానకు పొడిగా, గాలికి చెక్కుచెదరకుండా ఉండి, ఊరి చేతులతో లేచిన ఇంటిని పక్కా ఇల్లని లోకం పిలవడం నేర్చిననాడు, పక్వమన్న ఆ పాత మాటకు కట్టెలు కాల్చి వండినదన్న అర్థం పోయి, బుద్ధి పండి కట్టినదన్న అర్థం రాగలదు.